తడి చేతికి చంద్రకాంతం

ఆయన నా మొహం ఎప్పుడైనా సరిగ్గా చూశాడో లేదో నాకు ఇప్పటికీ అనుమానమే. చేతులు మాత్రం చూశాడు. నావే అని కాదు, ఎవరొచ్చినా అంతే. ముందు చేతులు చూసేవాడు, ఆ తర్వాతే సలాం చెప్పేవాడు.

పోయిన శుక్రవారం మధ్యాహ్నం, ఇంటిల్లిపాదీ తిని లేచాక కబ్సా మాంసం అన్నం వండిన గిన్నె తోముతుంటే తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది. మన దేశం నంబరే. చేతులు తడిగా ఉన్నాయని మోచేత్తో నొక్కి స్పీకర్‌లో పెట్టాను. ఒక ఆడపిల్ల గొంతు, కడప యాస. వాళ్ల నాయన ఫోన్‌లో నా నంబరు 'పూతరేకు తాయిఫ్' అని ఉందట, పేరు లేదట, నేనెవరో ఇంట్లో ఎవరికీ తెలియదట. పూతరేకు అనగానే ఆ నాయన ఎవరో నాకు తెలిసిపోయింది. ఆయన చెయ్యకుండా కూతురెందుకు చేసిందో కూడా ఆ గొంతు వింటుంటేనే తెలిసిపోయింది.

వారం కిందట పోయాడట. సాయంత్రం అసర్ నమాజుకి ముందు కాస్త నడుం వాల్చాడట, మళ్లీ లేవలేదట. ఏమీ కష్టపడలేదక్కా అని ఆ పిల్లే నన్ను ఓదార్చింది. తర్వాత కాసేపు తటపటాయించి అసలు సంగతికి వచ్చింది. వాళ్ల నాయన వాట్సాప్ బొమ్మ రెండేళ్లుగా ఒక చెయ్యి. ఆడమనిషి చెయ్యి. సబ్బు నీళ్లలో మునిగి ఉంది, వేలికి తెల్లరాయి ఉంగరం, పక్కన నాలుగు మెతుకులు తేలుతున్నాయి. ఎవరిదని వాళ్లమ్మ ఎన్నిసార్లు అడిగినా నవ్వి ఊరుకునేవాడట. ఇప్పుడు పలకరించడానికి వచ్చినవాళ్లు కూడా ఆ ఫోను చూసి అదే అడుగుతున్నారట.

"ఆ చెయ్యి మీదేనా అక్కా? మా అమ్మ కనుక్కోమంటాంది."

నాదేనమ్మా అన్నాను. ఇంతలో వాళ్లింటికి మళ్లీ ఎవరో వచ్చినట్టున్నారు, కాసేపాగి వీడియో కాల్ చేస్తానని పెట్టేసింది. నాకు ఏడుపొచ్చింది గానీ, రెండేళ్లుగా ఆ చేతిని అనుమానంగా చూస్తున్న వాళ్లమ్మ గుర్తొచ్చి నవ్వొచ్చేసింది. ఆయనతో ఎప్పుడూ ఇదే ఇబ్బంది. పోయిన కబురులో కూడా నవ్వించకుండా వదల్లేదు.

ఇక్కడ సౌదీలో, తాయిఫ్ పాత బజారులో అత్తరు కొట్టు పక్కన ఆయన ఉండేది ఒక వెండి ఉంగరాల దుకాణంలో. దుకాణం అన్నది మర్యాదకి అనడమే. ఒక అద్దాల బల్ల, ఒక స్టూలు, గోడకి ఒక లైటు. యజమాని యెమెన్ మనిషి, పొద్దున ఒకసారి తొంగిచూసి వెళ్లిపోయేవాడు. నేను పనిచేసే ఇంటి పెద్దావిడని అందరం మామా అంటాం, ఇక్కడ అమ్మ అని. ఆవిడకి జపం చేసుకునే తస్బీహ్ పూసలంటే ప్రాణం. దారం బిగుతైందని ఒక వారం, వదులైందని ఇంకో వారం, ఆ పూసలు పట్టుకుని బజారుకి బయలుదేరేది. ఆయన మళ్లీ గుచ్చేలోపు ఆవిడ పక్క కొట్లో కూర్చుని అత్తర్లన్నీ మణికట్టుకి రాయించుకునేది. పూసలకి కాపలా నేను.

మొదటిసారి వెళ్లిన రోజు ఆయన వేళ్ల సందులోంచి ఒక పూస జారి బల్ల కిందికి దొర్లింది. "యాడికి పోతివే నా తల్లీ, ఇట్ల రా" అన్నాడు పూసతో. నేను ఆత్రేయపురం పక్క పల్లె నుంచి ఈ దేశం వచ్చాక ఇంటి గోడల బయట విన్న మొదటి తెలుగు ముక్క అదే. సంతోషం పట్టలేక బల్ల కింద దూరి పూస తీసి, ఇదిగోనండీ బాబాయిగారూ అని చెయ్యి చాపాను. ఏ ఊరమ్మా, ఎప్పుడొచ్చావు, ఎవరింట్లో అని అడుగుతాడేమోనని చూస్తున్నాను. ఆయన పూస కూడా తీసుకోకుండా నా వేళ్లకేసి చూసి, మీ ఇంట్లో బాత్రూములకి బ్లీచు మరీ ఎక్కువ పోస్తారే అన్నాడు. అదీ మా పరిచయం.

తర్వాత తర్వాత తెలిసింది, అది ఆయన వ్యాపార పద్ధతి అని. ఉంగరం కావాలని ఎవరొచ్చినా ధర చెప్పడు, రాయి చూపించడు. ఈ చెయ్యి ఏం పని చేస్తుంది అని అడుగుతాడు. అరబ్బులను అరబ్బీలో, పాకిస్తానీలను ఉర్దూలో, నన్ను తెలుగులో, అందరికీ ఒకటే ప్రశ్న. డ్రైవరైతే ఎర్రటి అఖీకు రాయి ఇచ్చేవాడు, స్టీరింగుకి కొట్టుకున్నా ఏం కాదని. తమీస్ రొట్టెలు కాల్చే ఆఫ్ఘన్ కుర్రాడికి ఏ రాయీ ఇవ్వలేదు, పొయ్యిలో చెయ్యి పెట్టేవాడికి ఉత్త వెండి చాలన్నాడు. మంగలికి అసలు ఉంగరమే వద్దన్నాడు. కొండమీద గులాబీ తోటల ఆసామి నీలం ఫిరోజా రాయి అడిగితే, నీ చేతికి ఎప్పుడూ పన్నీరూ నూనే అంటుకుని ఉంటాయి, ఫిరోజా అవి తాగేసి పచ్చబడుతుంది అని పంపించేశాడు. ఆఫీసు మనుషులొస్తే మాత్రం దిగులు లేదు. ఫైలు తిప్పే చేతిలో ఏ రాయైనా వందేళ్లు బతుకుతుందనేవాడు. యజమాని నెత్తీ నోరూ కొట్టుకునేవాడు గానీ, వెళ్లగొట్టిన వాళ్లే మళ్లీ అన్నదమ్ములను వెంటబెట్టుకుని వచ్చేవాళ్లు.

ఇంకో అలవాటు. భుజమ్మీద అరబ్బులు తలకి కట్టుకునే ఎర్రగళ్ల షుమాగ్ తుండు, పాతది, ఒకటి వేసుకునేవాడు. ఏ రాయి చూపించినా ముందు ఆ తుండుతో గట్టిగా రెండుసార్లు రుద్ది తుడిచి, అప్పుడు చేతికిచ్చేవాడు. దుమ్ముపట్టిన రాయి ఇస్తే కొనేవాడికి విలువ ఇయ్యనట్టే అనేవాడు. తాయిఫ్‌లో గుబార్, అంటే దుమ్ముగాలి, లేచిన రోజైతే పొద్దుటినుంచీ అదే పని. ఒక్కొక్క రాయినీ పేరుపెట్టి పలకరించినట్టు తుడిచి మళ్లీ పెట్టెలో పడుకోబెట్టేవాడు.

ఆ పెట్టెలో ఒక మూల, దూది మీద ఉండేది ఆ రాయి. మొదట చూసినప్పుడు నాకేం అనిపించలేదు, తెల్లగా, గచ్చకాయంత ఉంది. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని కొంచెం వంచాడు. లోపల ఏదో కదిలింది. నీలం కలిసిన తెల్లటి వెలుగు ఒకటి రాయి పైన కాదు, లోపల ఎక్కడో, ఈ అంచు నుంచి ఆ అంచుకి తేలుకుంటూ వెళ్లింది. చెయ్యి మళ్లీ వంచితే మళ్లీ వెనక్కి వచ్చింది. హజర్ అల్ ఖమర్ అని అరబ్బుల పేరు, సిలోన్ నుంచి వచ్చిన రాయి. మన చంద్రకాంతం.

అలా ఎలా వెలుగుతుందండీ అని అడిగాను. చెప్పడమంటే ఆయనకి ఎంతిష్టమో, పూసలూ దారమూ పక్కన పెట్టేశాడు. భూమి లోపల రాయి కూడా ఉడుకుతూ ఉంటుందట. అందులో రెండు రకాల పదార్థాలు కలిసిపోయి ఉంటాయట. నిదానంగా చల్లారితే ఆ రెండూ విడిపోయి, ఒకదాని మీద ఒకటి కంటికి కూడా ఆనని పలచటి పొరలు పొరలుగా సర్దుకుంటాయట. తొందరగా చల్లారితే ఏమీ ఉండదు, ఉత్త రాయే. లోపలికి వెళ్లిన వెలుతురు ఆ పొరల మధ్య తికమకపడి, చెదిరి, ఆ నీలం రంగులో బయటికొస్తుందట. కోసేవాడికి ఆ పొరలు ఎటు పరుచుకున్నాయో తెలియాలి. వాటికి సరిగ్గా పైన, గుండ్రంగా ఉబ్బెత్తుగా కోస్తేనే వెలుగు నడిమధ్యకి వస్తుంది. కాస్త పక్కకి కోశాడా, చంద్రుడు అంచున దాక్కుంటాడు. గాజుతో చేసిన దొంగ రాళ్లు బజారు నిండా ఉన్నాయట. వాటిలో వెలుగు అంతటా ఒకేలా పరుచుకుని ఉంటుంది, చెయ్యి వంచితే కదలదు.

పొరలంటే మా పూతరేకుల్లాగానా అన్నాను. ఆయన ఎప్పుడూ తినలేదట. బోర్లించిన కుండ కింద మంటపెట్టి, బియ్యప్పిండి పాలలో గుడ్డ ముంచి, కుండమీద ఒక్కసారి లాగితే రేకు ఎలా వస్తుందో, దాని మీద దాన్ని ఎలా మడుస్తామో చేతులతో చేసి చూపించాను. నేను చెప్పింది ఒకరు అంత శ్రద్ధగా వినడం ఈ దేశంలో అదే మొదలు. ఆ మర్నాటినుంచీ వచ్చినవాళ్లందరికీ చంద్రకాంతం బియ్యపు రేకుల్లా ఉంటుందని చెప్పడం మొదలుపెట్టాడు. ఒక సౌదీ ఆయన అంతా విని, అయితే ఇది తినేదా అని అడిగాడట. నా నంబరు 'పూతరేకు' అని ఎక్కించుకున్నది అప్పుడే.

నిజమైన చంద్రకాంతం వెన్నెల్లో పెడితే నీరు కారుతుందని మా నాయనమ్మ చెప్పేది. అదీ చెప్పాను. ఆయన పడీపడీ నవ్వాడు. అంతకుముందు జిజాన్ సముద్రం పక్కన కొన్నేళ్లు పనిచేశాడట. అక్కడి ఉక్కపోతలో ఏసీ గదిలోంచి బయటికి అడుగుపెడితే చాలు, చల్లటి వస్తువు ప్రతిదానికీ చెమట పడుతుందట. రాయికీ పడుతుంది, కళ్లద్దాలకీ పడుతుంది. "ఆ లెక్కన జిజాన్‌లో నా బోడిగుండు గూడా చంద్రకాంతమే పాపా" అన్నాడు. రాళ్లకి మహిమలున్నాయంటే ఒప్పుకునేవాడు కాదు, చేసేదంతా పైవాడే అనేవాడు. ఇది పెట్టుకుంటే నిద్ర పడుతుందటగా అని ఎవరో అడిగితే, పొద్దుగూకినాక టీ మానెయ్, దీనికన్నా చౌక అని పంపించాడు.

నేను ఆ రాయి అడిగాను. అడగడానికి నాకు చాలా నెలలు పట్టింది. అప్పటిదాకా ఈ దేశంలో నేను కొన్నదంతా అట్టపెట్టెలో సర్ది కార్గోలో పంపించేదే. దుప్పట్లు, పాలపొడి డబ్బాలు, సెంటు సీసాలు, పిల్లలకి బూట్లు. నాకోసం, నా ఒక్కదాని కోసం, చూసుకుని మురిసిపోవడానికి తప్ప దేనికీ పనికిరాని వస్తువు ఒక్కటి కావాలనిపించింది. ఎందుకో అది ఈ రాయే అవ్వాలనిపించింది. మీరడిగినంత ఇస్తాను బాబాయిగారూ, ఉంగరం చేసిపెట్టండి అన్నాను.

ఇవ్వనన్నాడు. మొహం చూడకుండా, నా చేతులకేసి చూస్తూ. అఖీకైతే ఇసుకతో సమానమైన గట్టిది, ఇది అంతకన్నా మెత్తనిది. ఇసుక దీన్ని గీస్తుంది. గట్టిగా దెబ్బ తగిలితే పొర వెంబడి చీలుతుంది. సెగ పడదు, బ్లీచు పడదు. పొద్దున లేచింది మొదలు పీచూ, గిన్నెలూ, కుక్కరూ పట్టుకునే చేతిలో ఇది నెలకన్నా ఎక్కువ బతకదు. కావాలంటే గొలుసుకి వేస్తానన్నాడు. మెడలో వేసుకుని బట్టల కింద దాచుకుంటే నాకేం కనపడుతుందండీ అన్నాను. నవ్వాడే గానీ మెత్తబడలేదు. ఆ తర్వాత వెళ్లిన ప్రతిసారీ అడగడం, ప్రతిసారీ ఆయన నా చేతులు చూసి తల అడ్డంగా ఊపడం. మామా పూసలు గుచ్చడం ఎంత మామూలైపోయిందో ఇదీ అంత మామూలైపోయింది.

ఒకరోజు ఆయనకి ఖురూజ్, దేశం వదిలి వెళ్లే కాగితం, వచ్చిందన్నాడు. ఇక ఇంటికి పోతున్నాడు, మళ్లీ రాడు. దుకాణానికి యజమాని మేనల్లుడు వస్తాడట. ఆ అబ్బాయి రాయి చూసి అమ్ముతాడు గానీ చెయ్యి చూసి కాదు. ఎవరు ముందొస్తే వాళ్లకి ఇచ్చేస్తాడు. మామా ఇంకా పక్క కొట్లో వాసనలు చూస్తోంది. ఇదే ఆఖరు అని అడిగేశాను. ఆయన మళ్లీ నా వేళ్లకేసి చూశాడు. అప్పుడు నాకు ఒళ్లు మండింది.

"అయితే పనిచేసే చేతికి అందమైంది ఏదీ ఉండకూడదా అండీ?" అన్నాను.

ఆయన నొచ్చుకున్నాడు. అట్ల అనలేదు పాపా, రాయి పాడైపోతాదనే నా బాధ అన్నాడు. మీ దగ్గర మాత్రం ఏం బాగుంది, నేను మొదట చూసిన వెలుగులో సగం కూడా లేదు ఇప్పుడు అన్నాను. కోపంలో అన్నాను గానీ అబద్ధం కాదు. ఆయన రోజూ చూస్తాడు కాబట్టి ఆయనకి తెలియలేదు. నేను ఎప్పుడో ఒకసారి చూసేదాన్ని, నాకు తెలుస్తోంది. అదేం మాట, నా చేతికి వచ్చిన రోజు ఎట్లుండాదో ఇప్పుడూ అట్లే ఉండాది అంటూ, రాయి తీసి, భుజమ్మీది తుండుతో ఎప్పటిలాగే గట్టిగా రెండుసార్లు రుద్ది, భూతద్దం నా చేతికిచ్చాడు.

అద్దంలోంచి చూస్తే రాయి నిండా సన్నటి గీతలు, అటూ ఇటూ, అటూ ఇటూ. అద్దం ఆయనకిచ్చాను. ఆయన చూశాడు. దుకాణం ముందుకొచ్చి ఎండలో పెట్టి మళ్లీ చూశాడు. తర్వాత భుజమ్మీది తుండు తీసి ఒక్కసారి విదిలించాడు. ఆ ఎండలో దాంట్లోంచి లేచిన దుమ్ము ఇద్దరికీ కనపడింది. ఎడారి దుమ్మంటే ఇసుక పొడే కదా. అఖీకుల మీద రుద్దినన్నాళ్లూ వాటికేమీ కాలేదు, అవి దానంత గట్టివే. ఈ ఒక్క మెత్తటి రాయినీ రోజూ పొద్దున్నే ఆయన ముద్దుగా ఇసుకపెట్టి తోముతున్నాడన్నమాట.

"నీ చేతిని తప్పుపడితిని" అన్నాడు. "గీకింది నా చెయ్యే కదా."

అంత మాటకారి మనిషి స్టూలు మీద కూర్చుని తుండు వంక అలా చూస్తుంటే నా కోపమంతా దిగిపోయింది. మురికైన వస్తువు కనపడితే నాకు తెలిసిన పని ఒక్కటే. బల్లమీద ఆయన తాగే గ్లాసులో నీళ్లున్నాయి. రాయిని అరచేతిలో పెట్టుకుని, కాసిని నీళ్లు పోసి, బొటనవేలితో మెత్తగా కడిగాను. గీతలు పోతాయని కాదు, ఊరికే, అలవాటు కొద్దీ.

నా అరచేతిలో చంద్రుడు లేచాడు. మొదటి రోజు చూసిన వెలుగే, అదే నీలం, ఈ అంచు నుంచి ఆ అంచుకి నిమ్మళంగా తేలింది. ఆయన స్టూలు మీంచి లేచాడు. తుడవొద్దు, తుడవొద్దు, అట్లే పెట్టు అన్నాడు. తడి ఆరేదాకా ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. ఆరగానే మళ్లీ మసకేసింది. ఆయనే నీళ్లు పోశాడు. మళ్లీ వచ్చింది. నీళ్లు గీతల్లోకి చేరి వాటిని కప్పేస్తాయి, వెలుగు పుట్టేది లోపలి పొరల్లో కదా, దానికి ఏమీ కాలేదు అని ఆయన నాకు చెబుతున్నాడో తనకి చెప్పుకుంటున్నాడో తెలియలేదు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా అదే ఆట. మామా చేతినిండా అత్తర్లతో వచ్చి, పూసలేవి అని అడిగింది, అవి ఇంకా గుచ్చనే లేదు. సంగతేమిటని ఆవిడా చెయ్యి చాపింది, ఆవిడ అరచేతిలో కూడా ఒకసారి కడిగాం.

"దీనికి ఎండు చెయ్యి పనికిరాదు పాపా" అన్నాడాయన. "రోజంతా నీళ్లలో ఉండే చెయ్యే కావల్ల. నీదే ఇది."

జిద్దాలో పాలిష్ పట్టిస్తే మళ్లీ కొత్తదవుతుందని కూడా చెప్పాడు. వద్దన్నాను. ఉంగరం ఆయనే చేశాడు, ఊరెళ్లే ముందు ఆయన చేసిన ఆఖరు పని అదే. రాయి దగ్గరికి సెగ రాకుండా వెండి పనంతా ముందే పూర్తిచేసి, చల్లారాక రాయిని కూర్చోబెట్టి అంచు వంచాడు. అంచు రాయికన్నా కాస్త ఎత్తుగా ఉంచాడు, గిన్నెకి తగిలితే ముందు వెండికి తగలాలని. సబ్బు నీళ్లు అడుగున చేరకుండా వెనకవైపు పూర్తిగా మూసేశాడు. ధర న్యాయంగానే తీసుకున్నాడు, ఊరికే ఇస్తే నేను కొనుక్కున్నట్టు కాదని ఆయనకీ తెలుసు. బ్లీచుకి గ్లౌజు, కుక్కరు మూత తీసేటప్పుడు జాగ్రత్త, మరిగే నూనె దగ్గర వద్దు, దుమ్ముపడితే తుడవొద్దు, కడుగు. ఇంతే అప్పగింతలు. ఊరెళ్లిపోతున్న మనిషి ఒక్క ముక్క నా క్షేమం గురించి అడుగుతాడేమోనని చూశాను. రాయి గురించే చెప్పాడు. నాకెందుకో అదే బాగుంది.

కడప వెళ్లాక అప్పుడప్పుడు వాయిస్ మెసేజ్ వచ్చేది. బాగున్నావా అని ఉండదు, చెయ్యి ఎట్లుండాది అని ఉంటుంది. ఒకసారి ఫోటో పంపమన్నాడు. నేను చక్కగా చెయ్యి ఆరబెట్టుకుని, గోరింటాకు కనపడేలా, కిటికీ దగ్గర నిలబడి తీసి పంపించాను. ఎండు ఫోటో ఎందుకు పంపినావు అని మెసేజ్ వచ్చింది. మర్నాడు సింకులో గిన్నెల మధ్య చెయ్యి ముంచి, రెండో చేత్తో తీసి పంపాను. మెతుకులు తీసేద్దామనుకుని మర్చిపోయాను. జవాబుగా ఏ మాటా రాలేదు. ఉత్త నవ్వు రికార్డు చేసి పంపాడు. ఆ ఫోటో ఆయన ఏం చేసుకున్నాడో శుక్రవారం దాకా నాకు తెలియదు. నేను ఎవరి వాట్సాప్ బొమ్మలూ పెద్దగా చూడను.

రాత్రి వంటకి బియ్యం కడగబోతుండగా ఆ పిల్ల వీడియో కాల్ వచ్చింది. వెనకాల మంచమ్మీద తెల్లటి చీరలో వాళ్లమ్మ. ఇద్దరికీ ఆయన కథంతా చెప్పాను, తుండుతో సహా. తుండు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇంట్లో ఇత్తడి గ్లాసులు కూడా అట్లే రుద్ది రుద్ది గీతలు పెట్టినాడమ్మా అంది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఆవిడ అనుమానం తీరినందుకు నాకు చాలా తేలికైంది.

ఆ పిల్ల ఉంగరం చూపించమంది. ఫోను పంచదార డబ్బాకి ఆనించి, బియ్యం నీళ్లలో చెయ్యి ముంచి తిప్పాను. తెల్లటి నీళ్లలో వెలుగు ఇటునుంచి అటు వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చింది. తల్లీ కూతుళ్లిద్దరూ ఫోనుకి దగ్గరగా వంగారు. తర్వాత ఆ పిల్ల, నా మొహం వంక కాదు, నా చేతికేసే చూస్తూ అడిగింది.

"ఆడ మీరు ఏం పని జేస్తారక్కా?"

ఆయన కూతురే, అనుకున్నాను. చెయ్యి నీళ్లలోంచి తియ్యకుండానే, ఇదేనమ్మా అన్నాను.